పడిందా, కూర్చుందా

మా వదినకూ నాకూ పడదు. ఈ సంగతి మా వీధిలో పాలు పోసేవాడికి కూడా తెలుసు. మా అన్నయ్యతో పెళ్ళై ఆవిడ మా ఇంట్లో అడుగుపెట్టిన వారంలోనే, కిటికీ పక్క కుర్చీ ఎవరిదన్న మాట మీద ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం. ఆ తిప్పుకున్న మొహాలు అవసరానికి తప్ప మళ్ళీ ఇటు తిరగలేదు. ఆవిడ గురించి మంచిగా చెప్పమంటే నాకు నోరు పెగలదు. ఉన్నదున్నట్టు చెబుతాను. అందులో మంచి ఏదైనా కనిపిస్తే అది ఆవిడ అదృష్టం, నా పూచీ లేదు.

మనిషి పొడగరి. చేతులు గట్టివి. ఇంట్లో నడిస్తే అలమారలో గిన్నెలు కదులుతాయి. ఎవరి దగ్గరా ఒక్క మాట పడదు. ఇంతకు ముందు సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది. అక్కడి సూపర్‌వైజరు "కాస్త త్వరగా కానివ్వమ్మా" అన్నాడట. చేతిలో ఉన్న అట్టపెట్టె తీసుకెళ్ళి అతని బల్ల మీద పెట్టి, "నువ్వే కానివ్వు" అని చెప్పి ఇంటికొచ్చేసింది. ఆ వచ్చిన కోపం మా అమ్మ మీదా నా మీదా చాలాకాలం తీర్చుకుంది. అలాంటి మనిషికి చివరికి దొరికిన ఉద్యోగం ఏమిటనుకున్నారు? పడటం. మాట పడని మహాతల్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరుపు మీద పడుతుంది, అందుకు జీతం తీసుకుంటుంది.

ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. నా మొగుడితో తెగతెంపులు చేసుకుని పుట్టింటికి వచ్చాక నేను చేరిన కంపెనీ అది. ముసలివాళ్ళు చేతికి కట్టుకునే పట్టీ తయారు చేస్తారు. కట్టుకున్న మనిషి పడిపోతే పట్టీ తనంతట తానే గుర్తుపట్టి, ఇంట్లోవాళ్ళ ఫోన్లు మోగిస్తుంది. గుర్తుపట్టాలంటే దానికి ముందు నేర్పాలి. నేర్పాలంటే ఎవరో ఒకరు పట్టీ కట్టుకుని పడాలి. మొదట్లో ఆఫీసువాళ్ళే పడేవారు. వాళ్ళు పడేముందు పరుపు ఎక్కడుందో చూసుకుంటారు, జేబులో ఫోను తీసి పక్కన పెట్టుకుంటారు, పడ్డాక నవ్వుతారు. భయం లేకుండా పడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, నా నోరు ఊరుకోలేదు. నడుం పట్టేస్తే నాలుగు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను.

నడుం పట్టలేదు సరికదా, ఆవిడకు ఆ పని తెగ నచ్చేసింది. నిలువుగా నిలబడి, ఉన్నట్టుండి ధబ్బున పడుతుంది. పక్క గదిలో టీ తాగేవాళ్ళ కప్పులు తొణుకుతాయి. ముందుకు, వెనక్కి, పక్కకు, కుర్చీలోంచి, మంచం మీంచి ఎలా కావాలంటే అలా. ఎవరి మీదో కసి పెట్టుకుని పడుతున్నట్టుంటుంది. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు. పడ్డాక లేచి, బట్టలు దులుపుకుని, కంప్యూటరు వైపు చూసి "పడిందా?" అని అడుగుతుంది. రికార్డులో పడిందా అని. పడకపోతే మళ్ళీ పడుతుంది.

నా పని పేర్లు పెట్టడం. ఆవిడ పడుతున్న వీడియో ఒకవైపు, పట్టీ పంపిన కదలికల గీత ఒకవైపు పెట్టుకుని, పడటం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని కోసి, దానికి "పడింది" అని పేరు తగిలించాలి. పడనివాటికి "నడిచింది", "వంగింది", "కూర్చుంది". రోజంతా మా వదిన పడటం చూస్తూ కూర్చునే ఉద్యోగం. సుఖంగానే ఉండాలి. కానీ పడ్డ ప్రతిసారీ లేస్తుంది కదా.

ఇలా మేం కోసిన ముక్కలతో పట్టీకి బుర్రలాంటి న్యూరల్ నెట్‌వర్క్ తయారుచేసే అతనికి ఆఫీసులో పిసినారి అని పేరు. డబ్బు దగ్గర కాదు, మనిషి ధారాళంగానే టీలు తాగిస్తాడు. పట్టీలో ఉండే చిప్పు దగ్గర పిసినారి. అందులో ఉన్న చోటు మన ఫోన్లో ఒక ఫొటోకు పట్టే చోటులో మూలకు కూడా రాదు. బ్యాటరీ చొక్కా గుండీ అంత. అందుకని అతను లెక్కల్లో దశాంశాలు చెక్కేస్తాడు, అంతగా అక్కరలేదనుకున్నవాటిని సున్నాలు చేసి పారేస్తాడు, మిగిలినదాన్ని మడిచి కుక్కుతాడు. పట్టీ కదలికలను ఒక్కొక్క ముక్కగా వరసలో వింటుంది. కొత్త ముక్క రాగానే, ఇంతవరకు తనకు అర్థమైనదాన్ని కాస్త సవరించుకుని, ఆ ముక్కను పారేస్తుంది. దాచుకోవడానికి చోటు లేదు మరి. పేరు తేలిపోయిందని నమ్మకం కుదిరిందంటే, చెప్పేసి కళ్ళు మూసుకుంటుంది. ఎంత తొందరగా కళ్ళు మూసుకుంటే అంత బ్యాటరీ మిగులు.

"అక్కా, మీ పడటం బంగారం" అనేవాడు మా వదినతో. "మొదలవగానే తెలిసిపోతుంది, పడుతున్నారని. సగం వింటే చాలు. మీ వల్ల నా నెట్‌వర్కు సగానికి తగ్గింది."

ఆవిడ ఆ మాట ఇంటికి మోసుకొచ్చి, భోజనాల దగ్గర నాకు వినిపించేలా రెండుసార్లు చెప్పింది.

ఇంట్లో సంగతి చెప్పాలి. మా అమ్మకు మోకాళ్ళు పోయాయి. పోయిన ఏడు స్నానాల గదిలో పడి మణికట్టు విరిగింది. అప్పుడు మా అన్నయ్య ఒక తీర్పు ఇచ్చాడు. పగలంతా ముగ్గురం పనుల్లో ఉంటాం, చూసే దిక్కు లేదు, ఇంకోసారి పడిందంటే వృద్ధాశ్రమంలో చేర్పించడమే అన్నాడు. ఊరికే అనలేదు, వెళ్ళి గది కూడా చూసొచ్చాడు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు తడిపిన మనిషి ఆవిడ. ఆ గోడల మధ్యే పోతానంటుంది. అంచేత మా ఇంట్లో "పడటం" అనే మాటకు భయపడి చావాలి. పడితే అమ్మకు ఇల్లు లేదు.

ఆఫీసువాళ్ళు మా వదినకు ఒక పట్టీ ఊరికే ఇస్తే తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ ఆవిడతో నేరుగా మాట్లాడదు, గోడతో మాట్లాడుతుంది. "నాకు బేడీలు కూడా వేస్తున్నారు" అని గోడకు చెప్పింది. చివరికి అన్నయ్య బతిమాలితే కట్టుకుంది.

ఒకరోజు ఆఫీసులో కరెంటు పోయి మా వదిన మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళింది. వెళ్ళేసరికి అమ్మ వంటింటి గుమ్మం పక్కన నేల మీద ఉందట. ఒక కాలు కిందకు మడత పడి, వీపు సగం గోడకు, సగం నేలకు. చేతిలో గుమ్మం తెర. ఫోను మోగలేదు. ఈవిడే లేవనెత్తి మంచం మీద పడుకోబెట్టింది.

సాయంత్రం అన్నయ్య రాగానే చెప్పేసింది, "అత్తయ్య పడ్డారు" అని.

"పడలేదు, కూర్చున్నాను" అంది అమ్మ గోడకేసి చూస్తూ.

"గుమ్మం దగ్గర నేల మీదా?"

"నా ఇల్లు. నా ఇష్టం వచ్చిన చోట కూర్చుంటాను."

"తెర ఎలా ఊడింది మరి?"

"ఉతుకుదామని నేనే తీశాను. ఈ ఇంట్లో ఇంకెవరికైనా ఆ ధ్యాస ఉందా?"

అన్నయ్య ఫోను తీసి చూశాడు. పట్టీ చెప్పిన పేర్లు వరసగా ఉన్నాయి. నడిచింది. నిలబడింది. కూర్చుంది. అతని మొహం తేటపడింది.

"ఇదిగో, పట్టీ కూడా కూర్చుందనే అంటోంది. దానికి నేర్పింది నువ్వే కదా. నీ మాట నువ్వే నమ్మవా?"

"నేను కళ్ళారా చూశానండీ."

నాకు ఒళ్ళు మండింది. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు, చూస్తూ ఎలా ఊరుకోను? "అమ్మను సాగనంపడానికి అంత తొందరేం వదినా? ఆ గది కిటికీకి తెరలు కూడా కుట్టించావా?" అన్నాను.

మా వదిన మాట పడే మనిషి కాదని చెప్పానుగా. ఆ సాయంత్రం ఇల్లు పైకప్పు ఎగిరిపోయింది. నేను ఏమన్నానో, ఆవిడ ఏమందో రాస్తే కాగితం కాలుతుంది. ఏం లాభం, అమ్మ కూర్చున్నానంది, పట్టీ కూర్చుందంది, మేమిద్దరం వాళ్ళ మాటే మాటన్నాం. ఆవిడ ఒక్కతే పడిందంటుంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్తూనే పిసినారి మీద విరుచుకుపడింది.

"నీ పట్టీ గుడ్డిది."

"ఏమైందక్కా?"

చెప్పింది. అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. "గుడ్డిది కాదక్కా, తొందరది. మెల్లగా జారితే మొదటి సగం అచ్చం కూర్చున్నట్టే ఉంటుంది. సగం విని, కూర్చుందని చెప్పేసి, నిద్రపోయుంటుంది. తర్వాత జరిగింది అసలు వినే ఉండదు."

"వినమను."

"పూర్తిగా వింటే బ్యాటరీ తాగుతుంది. పైవాళ్ళు నన్ను తాగుతారు. సరే, వాళ్ళతో నేను పడతాను. కానీ ఏం వినాలో దానికి చూపించాలి కదా? నా దగ్గర అలాంటి పడటం ఒక్కటి కూడా లేదు. ఉన్నవన్నీ మీవే. అన్నీ ధబ్బు ధబ్బే."

"నిన్నటిది పట్టీలోంచి తీసుకో."

"విన్నది విన్నట్టు పారేస్తుందక్కా. ఎక్కడుంటుంది?"

మా వదిన అప్పటికప్పుడు పట్టీ బిగించి, గోడ పక్కకు పరుపు లాగి, గోడకు వీపు ఆనించి జారింది. వీడియో నా ముందుకొచ్చింది. చూశాను. కోశాను. "కూర్చుంది" అని పేరు పెట్టాను. ఆవిడ నా భుజం మీంచి చూస్తోందని తెలిసే పెట్టాను.

"ఏయ్, మార్చు. పడ్డాను నేను."

"కూర్చున్నావు. నా కళ్ళకు అలాగే కనిపించింది."

"నీ కళ్ళల్లో దుమ్ము కొట్టా! నిన్న మీ అమ్మ..."

"మా అమ్మ ఊసెత్తకు."

గదిలో అందరూ లేచి నిలబడ్డారు. మేనేజరమ్మ తలుపు తీసి చూసి, మళ్ళీ వేసుకుంది. చివరికి పిసినారి మధ్యలోకి వచ్చి నా వైపు చెయ్యి చూపించాడు.

"చిన్నీ పెట్టిన పేరు తప్పు కాదక్కా. మీరు జారలేదు, కూర్చున్నారు. నడుం మీరే దించారు, కాళ్ళు మీ చెప్పుచేతల్లోనే ఉన్నాయి. పెద్దావిడకు అసలు ఏం జరిగిందో తెలియకుండా ఎన్నిసార్లు చేసినా ఇంతే."

మా వదిన పట్టీ విప్పలేదు. అలాగే ఇంటికి వచ్చేసింది. నేను వెనకాల వచ్చేసరికి ముందు గదిలోని బొంత తీసుకెళ్ళి వంటింటి గుమ్మం పక్కన పరిచింది. అమ్మ కుర్చీలో కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. ఈవిడ ఎవరితోనూ ఒక్క మాట లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, జారి, బొంత మీద పడింది. లేచింది. మళ్ళీ పడింది.

"ఇల్లు సర్కస్ డేరా అయిపోయింది" అంది అమ్మ గోడతో.

నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తూ చూస్తున్నాను. వెళ్ళి ఆపేదాన్నే, కానీ పడి ఎక్కడైనా దెబ్బ తగిలితే చూద్దామని ఆగాను. ఆవిడ మళ్ళీ మళ్ళీ పడింది. ఒకసారి నడుం ముందు, ఒకసారి తల ముందు. అమ్మ బఠానీలు ఒలవడం మానేసింది. కింది పెదవి కొరుకుతోంది. కూర ఎవరైనా తప్పుగా తరుగుతుంటే అమ్మ మొహం అలాగే ఉంటుంది. చేతిలోంచి కత్తి లాక్కునేదాకా ఊరుకోదు.

"ఛీ" అంది చివరికి. "పడటం అంటే అలాగటే?"

మా వదిన లేచి మళ్ళీ గోడకు ఆనుకుంది.

"అంత దర్జాగా నిలబడితే ఎవరైనా పడతారా? ఎడమ మోకాలు ముందు పోవాలి. అది మన మాట వినదు. కుడికాలు దాని బరువు కూడా మోద్దామని చూస్తుంది, అదీ వణుకుతుంది. అప్పుడు చెయ్యి గోడకు వెళ్తుంది. గోడ నున్నగా చచ్చింది, పట్టుకోవడానికి ఏముంది? అరచెయ్యి జారుతూనే ఉంటుంది. నువ్వు అలా గబుక్కున జారకు, మెల్లగా, జారుతున్నట్టు నీకే తెలియకూడదు."

"ఇలాగా అత్తయ్యా?"

"ఇంకా మెల్లగా. కింద తగిలాక, కూర్చున్నాను కదా, హమ్మయ్య అనుకుంటాం. ఊపిరి పీల్చుకుంటాం. అప్పుడు పక్కకు పోతుంది ఒళ్ళు. తెర దొరికితే తెర పట్టుకుంటాం. అదీ ఊడి వస్తుంది. అప్పుడు పడతాం."

మా వదిన అలాగే చేసింది. మోకాలు వంగింది, చెయ్యి గోడ మీద జారింది, కూర్చుంది, ఆగింది. ఆ ఆగడంతో ఇక అయిపోయిందనే అనిపించింది నాకు. అప్పుడు ఒరిగి, తల నేలకు తగిలింది.

"అయితే నిన్న పడ్డావన్నమాట."

అన్నయ్య గొంతు. వీధి తలుపు దగ్గర భుజాన సంచితో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరం చూడలేదు.

అమ్మ చేతిలో బఠానీకాయ అలాగే ఉండిపోయింది. కూర్చున్నానని ఈసారి అనలేదు. మా అమ్మ మొహం అలా అయిపోవడం నాన్న పోయిన రోజు కూడా నేను చూడలేదు.

"నాతో ఎందుకు అబద్ధం చెప్పావమ్మా? నీకేమైనా అయితే?" అన్నాడు అన్నయ్య. తర్వాత నేలకేసి చూస్తూ, "రేపు ఆశ్రమం వాళ్ళకు ఫోన్ చేస్తాను" అన్నాడు.

చేతిలో గిన్నె సింకులో పడేశాను. తిన్నగా మా వదిన మీదకు వెళ్ళాను. "సాధించావు! వలపన్ని ముసలిదాని నోటితోనే చెప్పించావు. ఇక హాయిగా పడుకో. ఇల్లంతా నీదే."

ఆవిడ ఇంకా నేల మీదే ఉంది. ఒరిగిన ఒళ్ళు అలాగే ఉంచి, తల ఒక్కటి ఎత్తి నాకేసి చూసింది.

"పడిందన్నాను. పంపమన్నానా?"

నేను అన్నయ్య వైపు చూశాను.

"ఏం, ఎప్పుడైనా అన్నానా? పడిందని నోరు విప్పగానే నువ్వు నా మీద పడ్డావు. నేను మొత్తం ఏం చెప్పబోయానో అడిగావా? ఆయన అడిగారా? ముందు పేరు పెట్టేస్తారు, చూడటం తర్వాత. మీ వంశం మొత్తానికీ ఇదే రోగం." అన్నయ్య వైపు తిరిగింది. "ఆ గోడ పొడుగునా పట్టుకోవడానికి కడ్డీ బిగించాలని చెప్పబోయాను. స్నానాల గది దాకా. ఈ పట్టీ బాగుపడేదాకా మధ్యాహ్నాలు నేను ఇంటికి వచ్చి చూసి వెళ్తానని చెప్పబోయాను. ఫోన్ చేస్తారా? చెయ్యండి. ఆ గదిలో మీరే చేరండి. నేను తెరలు కుట్టించి పంపుతాను."

నాకు మండిపోయింది. ఆవిడ చెప్పింది తప్పు అనడానికి ఒక్క ముక్కైనా దొరుకుతుందేమోనని ఆ సాయంత్రమంతా వెతికాను, ఇప్పటికీ వెతుకుతున్నాను.

అన్నయ్య సంచి కింద పెట్టాడు. తర్వాత సొరుగు లాగి, కొలిచే టేపు కోసం వెతకసాగాడు. చాలాసేపటికి గాని దొరకలేదు.

అమ్మ ఒడిలోని బఠానీలు పళ్ళెంలో పోసి, పళ్ళెం పక్కన పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. గోడకేసి చూడలేదు, తిన్నగా కోడలికేసి చూసింది.

"లేవవే. ఇంకా రాలేదు నీకు. చెయ్యి తొందరపడుతోంది."